కాలందని బండి

వెల్దుర్తి అనగానే కర్నూలు వెల్దుర్తా, మెదక్ వెల్దుర్తా అని అడుగుతారు. మాది ఆ రెండూ కాదు, మాచర్ల దగ్గరి పల్నాడు వెల్దుర్తి. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఇరవై ఏళ్ళు స్ప్లెండర్ మీద తిరిగి తిరిగి, ఇక శ్రీశైలం, హంపి, అన్నీ కుదిరితే లేహ్ అనుకుంటూ ఓ హిమాలయన్ 450 కొన్నాను. కొన్న వారానికే పడ్డాను. ఘాట్ రోడ్డు మలుపులో కాదు, హైవే మీద వేగంగా పోతూ కాదు. టీ కొట్టు ముందు, బండి ఆగిపోయాక.

ఎడమకాలు దించాను. తారు అయిపోయి మట్టి మొదలయ్యేచోట రోడ్డు అంచు నాలుగు వేళ్ళ లోతుంది. ఉండాల్సిన చోట నేల లేదు. బండి మెల్లగా, ఎంతో మర్యాదగా ఎడమవైపుకి ఒరగడం మొదలుపెట్టింది. ఒరిగేది కళ్ళకు కనిపిస్తూనే ఉంది, ఆపడం మాత్రం నావల్ల కాలేదు. టీ తాగుతున్న నలుగురూ గ్లాసులు పక్కన పెట్టి వచ్చి లేపారు. వాళ్ళలో ఓ పెద్దాయన, "నీకెందుకబ్బాయ్ అంత బండి? ఏ స్కూటీయో కొనుక్కోక" అన్నాడు. మనసులో మాట అనేశాడు పాపం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్రపట్టలేదు.

పడితే పడ్డాం, ఎందుకు పడ్డామో తెలియాలి కదా. కాగితం, పెన్నూ ముందేసుకుని కూర్చున్నాను.

హిమాలయన్ బరువు 196 కిలోలు. నేను అరవై చిల్లర. అన్నీ కలిపి 260 కిలోలనుకుందాం. బడిలో గరిమనాభి అని చదువుకున్నాం గుర్తుందా, ఆ బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు. మనిషి కూర్చున్న ఇలాంటి బండికి అది నేలనుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుందనుకుందాం. దించిన కాలు చక్రాల గీత నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఆనుతుందనుకుందాం. లెక్క ముతకదే, అయినా విషయం తెలియడానికి చాలు.

బండి నిటారుగా ఉన్నంతసేపూ బరువంతా రెండు చక్రాలదే. కాలి మీద పడేది సున్నా. చిన్నపిల్లాడు వేలు ఆనించినా నిలబడుతుంది. ఒరగడం మొదలైతేనే కాలికి పని. రెండు డిగ్రీలు ఒరిగితే కాలి మీద పడేది 20 కిలోలు. అయిదు డిగ్రీలు ఒరిగితే 49. గుంటూరు యార్డుకి మనం తోలే మిరపకాయల టిక్కీ ఒక్కోటి నలభై, నలభై అయిదు కిలోలుంటుంది. అంటే అయిదు డిగ్రీలకే ఒక టిక్కీ కాలి మీద పడ్డట్టు. పది డిగ్రీలకి 98 కిలోలు, రెండు టిక్కీలు దాటిపోయింది. పదిహేనుకి 146. మునివేళ్ళ మీద నిలబడి మూడు టిక్కీలు మోసే పిక్క నాకు లేదు, మీకూ ఉండదు.

ఇప్పుడు పొట్టి, పొడుగుల తేడా ఎక్కడొస్తుందో చూడండి. పొడుగాయన కాలు బండి నిటారుగా ఉన్నప్పుడే నేల మీదుంటుంది. ఒరగక ముందే ఆపుతాడు కాబట్టి ఆయన మోసేది దాదాపు ఏమీ ఉండదు. నా కాలు అందాలంటే ముందు బండి ఒరగాలి. పాదం నేలకి మూడు సెంటీమీటర్లు తక్కువైందంటే, బండి దాదాపు ఆరు డిగ్రీలు వంగితే గానీ నేల తగలదు. తగిలేసరికే 56 కిలోలు మీద పడి ఉంటాయి. లెక్క విడగొడితే, తక్కువైన ప్రతి సెంటీమీటరుకీ ఇంచుమించు 19 కిలోలు. అదే సెంటీమీటరు స్ప్లెండర్ మీద తక్కువైతే పదకొండు, పన్నెండు కిలోలు. ఇరవై ఏళ్ళూ నేను పడకపోవడానికి కారణం నా నేర్పు కాదు, 112 కిలోల బండి.

ఈ 19 కిలోల మాట గుర్తుపెట్టుకోండి. అదే సూత్రం మనవైపు కూడా పనిచేస్తుంది. ఎక్కడో ఒకచోట ఓ సెంటీమీటరు సంపాదిస్తే 19 కిలోలు దిగినట్టే. పెద్ద బండిని పొట్టివాళ్ళకి అనువుగా చేసుకోవడమంటే ఈ సెంటీమీటర్లు ఏరుకోవడమే.

బండి కాగితాల్లో సీటు ఎత్తు అని ఒక అంకె ఇస్తారు. షోరూములో అందరూ దాన్నే పట్టుకుంటారు. స్ప్లెండర్‌ది 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 805, హిమాలయన్ 450ది 825. సూపర్ మీటియర్ 650 అయితే 740, బరువు మాత్రం 241 కిలోలు. హోండా గోల్డ్‌వింగ్ లాంటి ఏనుగు సీటు కూడా 745 దగ్గరే, అయినా ఆ బరువుకి వెనక్కి నడిచే రివర్స్ ఏర్పాటు కూడా ఇవ్వాల్సి వచ్చింది. సీటు తక్కువైనంత మాత్రాన బండి తేలికని కాదు, సీటు ఎక్కువైనంత మాత్రాన కాలు అందదనీ కాదు.

ఎందుకంటే ఆ అంకె సీటు వెడల్పు చెప్పదు. కాలు సీటు మీద నుంచి నిలువుగా దిగదు కదా, పక్కకి తెరుచుకుని ఏటవాలుగా దిగుతుంది. గజ్జనుంచి మడమదాకా 75 సెంటీమీటర్లున్న కాలు 20 సెంటీమీటర్లు పక్కకి పోతే నిలువున మిగిలేది 72. వెడల్పు సీటు వల్ల 30 సెంటీమీటర్లు పోతే మిగిలేది 69 కూడా లేదు. ఎత్తు ఒకటే అయినా ముందుభాగం సన్నగా ఉన్న సీటు మూడు సెంటీమీటర్ల దాకా మిగులుస్తుంది. మన లెక్కలో టిక్కీ పైచిలుకు.

ఆ అంకె చెప్పనిది ఇంకోటుంది. మనిషి ఎక్కగానే షాకబ్జార్బర్లు కుంగి బండి కిందికి దిగుతుంది. హిమాలయన్ చక్రం పైకీ కిందికీ కదిలే దూరం 200 మిల్లీమీటర్లు. మనిషెక్కితే అందులో మూడో వంతుకి కాస్త తక్కువ కుంగడం సరైన అమరిక అంటారు. స్ప్రింగును బరువైన మనిషికి తగ్గట్టు బిగించి ఉంచితే యాభై కిలోలవాళ్ళు ఎక్కినప్పుడు అంత కుంగదు. పొట్టివాళ్ళు మామూలుగా బరువు కూడా తక్కువే. అంటే కాలూ పొట్టే, బండీ దిగదు, రెండు విధాలా నష్టం. వెనక స్ప్రింగు బిగింపును మెకానిక్ చేత మన బరువుకి తగ్గట్టు వదులు చేయిస్తే సెంటీమీటరు దాకా దొరకొచ్చు. పది నిమిషాల పని, దీనికి ఏ కోతా అక్కర్లేదు. మరీ వదులు చేస్తే మాత్రం స్పీడు బ్రేకరు దగ్గర అడుగు తగులుతుంది.

చవకైన సెంటీమీటర్లు చెప్పుల షాపులో ఉన్నాయి. రెంటచింతల ఎండల పక్కన పుట్టినవాళ్ళం, చెప్పులు తప్ప ఇంకేం వేసుకుంటాం అంటారా? నేనూ అదే అన్నాను. రెండున్నర సెంటీమీటర్ల మందం అడుగున్న, చీలమండను పట్టుకునే బూటు వేసుకుంటే 47 కిలోలు దిగినట్టే. గులకరాళ్ళ మీద జారదు కూడా. మడమ మాత్రమే ఎత్తున్న బూటు పనికిరాదు. బండి ఒరిగినప్పుడు పాదమంతా ఆనాలి, లేకపోతే చీలమండ మెలిపడుతుంది.

తర్వాతది డబ్బుల్లేని విద్య. రెండు పాదాలూ ఒకేసారి నేల మీదుండాలని ఎవరు చెప్పారో గానీ, ఆ మాటే సగంమందిని పెద్ద బండికి దూరం చేసింది. రెండువైపులా మునివేళ్ళు ఆనడం కంటే ఒకవైపు పాదం నిండుగా ఆనడం వెయ్యిరెట్లు నయం. బండి ఆగబోతుండగా నడుమును సీటు మీద ఎడమవైపుకి జరపాలి. ఎడమ పిరుదు సీటు అంచు దాటుతుంది, ఎడమకాలు నాలుగైదు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంటుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో ఎదురెక్కుడులో బస్సు వెనక ఆగాల్సి వచ్చినప్పుడు ఇది ప్రాణం నిలబెడుతుంది. కుడికాలు బ్రేకు మీద లేకపోతే బండి వెనక్కి జారుతుంది. ఈ జరుగుడు నేను మా పెరట్లో వంద సార్లు సాధన చేశాను. మా ఆవిడ మొదట నవ్వింది, తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఇక ఎక్కడ ఆగాలన్నది. నన్ను పడేసింది ఇదే. వాన నీళ్ళు నిలవకుండా రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. తారు రోడ్డుకి ఆ వాలు నూటికి రెండు పాళ్ళ చుట్టుపక్కల. కాలు ఆనే దూరంలో అది ఆరు మిల్లీమీటర్ల పల్లం, అంటే 11 కిలోలు ఉత్తపుణ్యానికి. మన దేశంలో ఎడమ పక్క నడుస్తాం, ఎడమ అంచుకే ఆపుతాం, అలవాటుకొద్దీ ఎడమకాలే దించుతాం. ఈ మూడూ కలిస్తే మన కాలు ఎప్పుడూ పల్లంలోకే. తారు అంచు దాటిందా, నాలుగు వేళ్ళ లోతు, అంటే ఏడు సెంటీమీటర్లు కలిసింది. నా మూడు సెంటీమీటర్ల లోటుకి ఆ ఏడూ కలిపి చూస్తే ఆ రోజు టీ కొట్టు ముందు నా కాలి మీద పడ్డది 178 కిలోలు. నాలుగు టిక్కీలు. పడకపోతే ఆశ్చర్యపోవాలి.

అప్పటినుంచి అంచుకి పోను. వెనక ఎవరూ లేకపోతే తారు మీదే ఆగి, కింద చూసుకుని, ఆ తర్వాత పక్కకి తీస్తాను. చదునుగా ఉన్నచోట ముందు బ్రేకు పట్టుకుని కుడికాలే దించుతాను. కుడివైపు రోడ్డు మధ్యభాగం, అది మామూలుగా ఎత్తే.

ఆగడం గురించే ఇంతసేపు చెబుతున్నానంటే నడపడంలో సమస్య లేదు కాబట్టి. బండి కదిలాక కాలి పొడవుతో దానికి పనిలేదు. ఒరిగినవైపుకి ముందు చక్రం తనంతట తనే తిరిగి బండిని మళ్ళీ నిటారుకి తెస్తుంది. తిరిగే చక్రాల గైరో బలమే దీనికి కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. 2011లో డెల్ఫ్ట్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ గైరో ప్రభావాన్ని రద్దు చేసే సైకిలు ఒకటి కట్టి, మనిషి లేకుండా తోస్తే అదీ నిలబడుతుందని సైన్స్ పత్రికలో చూపించారు. బరువు ఎక్కడుంది, హ్యాండిలు ఎలా తిరుగుతుంది అన్నవన్నీ కలిసి చేసే పని అది. సారం ఏమిటంటే కాస్త వేగం అందుకున్న బండిని మనం నిలబెట్టనక్కర్లేదు. ఆగే ముందు చివరి రెండు గజాలే మనవి. హాఫ్ క్లచ్ మీద, వెనక బ్రేకు తాకీ తాకనట్టు తాకుతూ, చూపు ముందుకి పెట్టి నత్తనడక నడపడం వస్తే కాలు దించాల్సిన సందర్భాలే సగానికి తగ్గుతాయి. ట్రాఫిక్‌లో గంటకి ముప్ఫై సార్లు కాలు దించే అలవాటు స్ప్లెండర్ మనకి నేర్పిన చెడ్డ అలవాటు.

ఇలాంటి బండ్ల మీద ఎంత దూరం పోవచ్చో చూడండి. 2018లో హైదరాబాదు నుంచి నలుగురు ఆడవాళ్ళు బండ్ల మీద బయల్దేరి మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగొచ్చారు. జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, ఏ.ఎస్.డి. శాంతి. దాదాపు 17 వేల కిలోమీటర్లు. 'రోడ్ టు మెకాంగ్' అని పేరు పెట్టుకున్న ఆ ప్రయాణంలో వాళ్ళు నడిపింది బజాజ్ డోమినార్ 400, సీటు 800 మిల్లీమీటర్లు, బరువు 182 కిలోలు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. ఆ ఎత్తుకి గజ్జ కొలత 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఆ 70కీ ఈ 80కీ మధ్య ఉన్న తేడాని పూడ్చేది కండబలం కాదు, ఇంతసేపూ చెప్పుకున్న చిన్నచిన్న సంగతులే. జై భారతి ఆ తర్వాత మోవో అనే సంస్థ పెట్టి ఆడవాళ్ళకి బండి నేర్పే పనిలో పడ్డారు. అమెరికాలో గత శతాబ్దం నడిమి కాలంలోనే బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ అనే నల్లజాతి మహిళ, అయిదడుగుల రెండంగుళాల మనిషి, హార్లీల మీద దేశాన్ని ఈ చివరనుంచి ఆ చివరకి ఒంటరిగా చుట్టింది. అప్పటి హార్లీలకి సెల్ఫ్ స్టార్టరు కూడా లేదు, కిక్కు కొట్టాల్సిందే.

స్ప్రింగు, బూటు, నడుము జరుపుడు, ఇవన్నీ చేశాక కూడా నాకు ఇంకాస్త కావాలనిపించింది. కంపెనీవాళ్ళే 805 మిల్లీమీటర్ల సీటు విడిగా అమ్ముతారు, మీరైతే ముందు అదే చూడండి. నేను మాత్రం నరసరావుపేటలో సీట్లు కుట్టే మిస్త్రీ దగ్గరికి పోయాను. పైనుంచి రెండంగుళాలు కోసెయ్యమన్నాను. ఆయన నా మాట వినిపించుకోలేదు. "ముందు ఎక్కి కూర్చో సార్" అన్నాడు. కూర్చుని కాళ్ళు దించాను. జేబులోంచి సుద్దముక్క తీసి, నా తొడలు సీటుకి ఒరుసుకుంటున్నచోట రెండువైపులా గీతలు గీశాడు. స్క్రూడ్రైవర్‌తో పిన్నులు ఒక్కోటీ లేపి రెగ్జిన్ ఊడదీశాడు. లోపల ఫోము కొత్త ఇడ్లీలా ఉంది. హాక్సా బ్లేడును చేత్తోనే పట్టుకుని, గీతల వెంట ముందు అంచుల్ని ఏటవాలుగా చెక్కుకుంటూ వచ్చాడు. పొరలు పొరలుగా, మామిడికాయ చెక్కు తీసినట్టు. మధ్యమధ్యలో నన్ను ఎక్కించడం, దింపడం. చివరికి గరుకు కాగితంతో రుద్ది నున్న చేశాడు. సీటు ఎత్తు అంగుళంలో పావు కూడా తగ్గలేదు. కాలు మాత్రం రెండు సెంటీమీటర్లకి పైగా దిగింది.

"పైన కోస్తే వంద కిలోమీటర్లకి నువ్వే తిట్టుకుంటావు" అన్నాడు. నిజమే. కూర్చున్నప్పుడు మన బరువులో ఎక్కువ భాగం పిరుదుల కింది రెండు ఎముకల మీద పడుతుంది. అక్కడ ఫోము పల్చబడితే ఎముక నేరుగా సీటు కింది ప్లాస్టిక్ పళ్ళేన్ని తాకుతుంది. రక్తం ఆడదు, గంటకే తిమ్మిరి. దూరాలు పోవడానికి కొన్న బండిని దూరం పోలేనట్టు చేసుకోవడం అది. ఎముకలు ఆనే చోటు ముట్టుకోకుండా, తొడలు దిగే చోటు సన్నం చేయాలి. శరీరశాస్త్రం చదివినవాళ్ళు చెప్పేది ఇదే, ఆయన సుద్దముక్కతో చెప్పాడు.

బండినే కిందికి దించే పద్ధతి ఒకటుంది. వెనక షాకబ్జార్బరుకి ఉండే లింకుని వేరే కొలత లింకుతో మారిస్తే వెనకభాగం రెండున్నర, మూడు సెంటీమీటర్లు దిగుతుంది. నాకది ఇష్టం లేదు. ఎందుకో చెబుతాను. వెనక మాత్రమే దించితే ముందు ఫోర్కు కోణం మారి హ్యాండిలు బద్ధకంగా తిరుగుతుంది, కాబట్టి ఫోర్కులనీ తగినంత పైకి జరపాలి. నేలకీ ఇంజనుకీ మధ్య ఉన్న 230 మిల్లీమీటర్లలో కోత పడుతుంది. మన ఊళ్ళ స్పీడు బ్రేకర్లు ఏ ఇంజనీరు గీసినవో మీకు చెప్పనక్కర్లేదు. పైగా సైడు స్టాండు పొడవైపోతుంది. మా స్నేహితుడొకడు లింకు మార్చి స్టాండు సంగతి మర్చిపోయాడు. బండి దాదాపు నిటారుగా నిలబడింది, పక్కనుంచి గేదె రాసుకుంటూ పోయింది, బండి అవతలి పక్కకి పడింది. ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. సీటు ఫోము గురించి ఎవరూ అడగరు. ఫ్రేము, చక్రాల జోలికి పోతే అడుగుతారు.

డబ్బున్నవాళ్ళకి వేరే దారి ఉంది. 2021లో వచ్చిన హార్లీ పాన్ అమెరికా పెద్ద మోడల్‌లో, ఆగబోయేటప్పుడు బండే తనంతట తను కిందికి దిగి, కదిలాక పైకి లేచే ఏర్పాటు పెట్టారు. ఒంటె మోకరిల్లినట్టు. అది చవకై హిమాలయన్‌లోకి వచ్చేదాకా మనకి సుద్దముక్కే గతి.

ఇంతవరకూ చెప్పినవి బండి మీద ఒంటరిగా ఉన్నప్పటి లెక్కలు. వెనక మనిషి ఎక్కితే బరువు పెరిగి బండి ఇంకాస్త కుంగుతుంది, అది లాభం. కానీ ఒరిగినప్పుడు మోయాల్సిందీ పెరుగుతుంది. మా ఆవిడ చీరతో ఒకపక్కకే కూర్చుంటుంది కాబట్టి బరువు ముందే ఎడమకి ఉంటుంది, ఆ రోజు కుడికాలు దించే ప్రయోగాలు పెట్టుకోను. ఎక్కేముందు చెప్పమంటాను, దిగేముందు అడగమంటాను. సంచులు వీలైనంత కింద, సీటు దగ్గరగా కట్టుకోవాలి. వెనక ఎత్తుగా పెట్టె బిగించి అందులో నీళ్ళ సీసాలు, పనిముట్లు నింపితే గరిమనాభి పైకి పోతుంది.

బండిని పెట్టడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఇంటిముందు సైడు కాలవ మీద వేసుకున్న ర్యాంపు నుంచి ముక్కు కిందికి పెట్టి బండి ఆపితే, పొద్దున్నే 196 కిలోలని మునివేళ్ళ మీద వెనక్కి ఎక్కించాలి. సాయంత్రమే తిప్పి పెట్టుకుంటే గొడవ లేదు. చోటు ఇరుకైతే దిగి, పక్కన నిలబడి, నడుము బండికి ఆనించి తోయడం మేలు. దిగితే నామోషీ అనుకునేవాళ్ళే ఎక్కువగా పడతారు.

హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020లో మన దేశపు ప్రామాణిక మగవాడి ఎత్తును 177 సెంటీమీటర్లకి, ఆడమనిషి ఎత్తును 162కి పెంచింది. సరైన తిండి తింటే చేరాల్సిన ఎత్తు అది, ఇప్పుడున్న ఎత్తు కాదు. బండ్ల కంపెనీలు మాత్రం మనమంతా ఇప్పటికే అక్కడికి చేరినట్టు సీట్లు కొలుస్తున్నాయేమో అనిపిస్తుంది. కొనే మనం కొలత అడగనన్నాళ్ళూ వాళ్ళు మార్చరు.

కాబట్టి షోరూముకి పోయేముందు ఇంట్లో గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఓ గట్టి అట్ట పుస్తకం పైకి నొక్కి పట్టి, దాని పై అంచు దగ్గర గోడ మీద గీత గీసుకోండి. నేలనుంచి ఆ గీతదాకా మీ గజ్జ కొలత. ప్రయాణంలో వేసుకునే బూట్లతోనే వెళ్ళండి. సేల్స్ అబ్బాయి బండిని సైడు స్టాండు మీదే ఉంచి కూర్చోమంటాడు, వద్దనండి. స్టాండు తీయించి, అతన్ని అవతలి పక్క నిలబడమని, నడుము పక్కకి జరిపి, బండిని కొంచెం కొంచెంగా మీ కాలివైపుకి ఒరగనివ్వండి. ఎంత ఒరిగేదాకా పట్టుకోగలుగుతున్నారో మీ పిక్కకే తెలుస్తుంది. తర్వాత రెండోవైపు కూడా చూడండి. ఆ తర్వాతే రంగు సంగతి.